సోమమ్మ ఎర్ర నల్లా

సోమమ్మ కోపిష్ఠి అని పటాన్‌చెరు పారిశ్రామికవాడ వెనుక వీధిలో అందరికీ తెలుసు. ఆ కోపం ఎక్కడ పుట్టిందో తెలిసినవారు మాత్రం తక్కువ. కంపెనీల నీరు దిగే వాగు ఒడ్డున ఉన్న ఆమె ఊళ్లో, 1986వ సంవత్సరం ఎండాకాలంలో, అత్తవారి బావి నీరు మొదట నురగ కట్టింది; తరువాత రంగు తిరిగింది; ఆ మరుసటి వానాకాలానికి పశువులు సైతం తొట్టిలో మూతి పెట్టి వెనక్కు తీసుకున్నాయి. అధికారులు వచ్చారు. సీసాలలో నీరు నింపి, మూతులకు లక్క వేసి, చీటీలు అంటించి తీసుకొని వెళ్లారు. ఆ సీసాల ఫలితం ఏమైనదీ ఊరికి ఏనాడూ తెలియరాలేదు. "మా బాయిని సీసాలల్ల పట్టుకపోయిండ్రు, మల్ల తెచ్చియ్యలే" అని సోమమ్మ పదిమందిలో అనేది. విని నవ్వినవారి మీద ఇంకా మండిపడేది.

బావి పోయాక రెండెకరాల మడి పడావు పడింది. భర్త మల్లన్న మేస్త్రి పనిలోకి, ఆమె తట్ట పనిలోకి దిగారు. ఏడేళ్లు ఇతరుల ఇళ్లకు ఇసుక జల్లించి, సున్నం వడకట్టి, గోడలు కట్టే సిమెంటు మాలు మోసింది. 1993లో మల్లన్న జ్వరంతో పోయాడు. ఆ ఏడే సంగారెడ్డి గంజ్‌లో ధాన్యం వ్యాపారం చేసే రాజేశ్వర్ గారు, కంపెనీల కార్మికులకు అద్దెకివ్వడానికి మూడంతస్తుల భవనం కట్టించారు. అంతస్తుకు నాలుగు వాటాలు, మొత్తం పన్నెండు. పునాది నుంచి పిట్టగోడ వరకు మాలు మోసిన సోమమ్మనే దానికి కాపలా మనిషిగా పెట్టి, మెట్ల కింద గది ఇచ్చారు. ఆ గదిలో ఆమె నిటారుగా నిలబడగలిగిన చోటు ఒక్కటే. "నిలవడెతందుకు జాగ లేకున్నా కొట్లాడెతందుకు జాగ మస్తున్నది" అనేది.

కొట్లాట నీటి దగ్గరే మొదలైంది. భవనం వెనుక వేసిన బోరు నీరు తుప్పు రంగులో ఉండి గిన్నె అడుగున పొరలా పేరుకొనేది; ఏడాది తిరగకముందే అదీ ఎండిపోయింది. కాబట్టి రోజు విడిచి రోజు వచ్చే ట్యాంకరే గతి. ట్యాంకరు వచ్చిన పూట పన్నెండు వాటాల ఆడవారు బిందెలతో బారులు తీరి, ఒకరి కొప్పు ఒకరు పట్టుకొనేంత వరకు వచ్చేవారు. అంత పోరాడి పట్టిన నీటిలో సగం పాయిఖానాలలో పోయవలసి వచ్చేది. స్నానాల నీరు, బట్టల నీరు, బియ్యం కడిగిన నీరు నాలుగు గొట్టాల గుండా దిగి, ఎవరికీ పనికిరాకుండా రోడ్డు పక్క మోరీలో కలిసేది. ఆ గొట్టాల మూతుల దగ్గర నిలబడి సోమమ్మ పళ్లు కొరికేది.

ఒకప్పుడు ఒక అతిథిగృహం కట్టేచోట, స్నానపు నీటిని రాళ్లు, ఇసుక, బొగ్గు పొరల గుండా వడకట్టి చెట్లకు మళ్లించే గుంతకు ఆమె కంకర మోసింది. తట్టల లెక్క తప్ప తక్కిన సంగతులు కూలివారికి అక్కరలేదని మేస్త్రులు అనుకుంటారు. అయితే మోసినవారికి ఏ పొర మీద ఏ పొర పడిందో గుర్తుంటుంది. 1995లో రాజేశ్వర్ గారు అద్దెలకు వచ్చినప్పుడు ఆమె ఆయన స్కూటరుకు అడ్డం నిలబడింది.

"సేటు, తానం నీళ్లు మోరిల పోతున్నయి, తాగే నీళ్లు పాయిఖానల పోతున్నయి. గిదేం తెలివి?"

"మరి నీ తెలివేందో చెప్పు."

"ఎనక గుంత తవ్వుత. కంకర, ఇసుక మిగిలిందున్నది. బొగ్గు నేను తెస్త. గా నీళ్లు వడకట్టి సంపుల పడేస్తే, మీదికెక్కించి పాయిఖానలకు ఇడువొచ్చు. నువ్వు పైపులు, చిన్న మోటరు ఇయ్యి."

"వాసనొస్తె?"

"వాసనొస్తె నన్ను గండ్లనే పూడ్చు."

రాజేశ్వర్ గారు నవ్వారు గానీ పైపులు పంపారు. పదకొండు రోజులలో సోమమ్మ గుంత తవ్వింది. అడుగున పిడికెడంత రాళ్లు, వాటిపై సన్న కంకర, దానిపై బొగ్గు, అన్నిటికంటే పైన మూరెడు మందాన కడిగిన ఇసుక పరచింది. అంచుల వెంట మెట్టతామర దుంపలు నాటింది. నాలుగు గొట్టాలూ ఆ గుంతలోకి తిప్పించింది. వడకట్టిన నీరు నేలలోని సంపులోకి, అక్కడి నుంచి మోటారుతో మేడ మీది చిన్న తొట్టిలోకి, అక్కడి నుంచి ప్రతి అంతస్తు పాయిఖానా దగ్గరి నల్లాలోకి వచ్చేది. ఆ నల్లాలకు ఎవరూ పొరపాటున నోరు పెట్టకుండా ఎర్ర రంగు పూసింది.

గుంటూరు ప్రాంతం నుంచి వచ్చి మొదటి అంతస్తులో కాపురముంటున్న కనకమహాలక్ష్మి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొంది.

"ఏవిటండీ ఈ అప్రాచ్యం! ఒకళ్లు పోసుకున్న నీళ్లు ఇంకొకళ్లు వాడుకోవడమా? మా వాళ్లు వింటే నవ్విపోతారు."

"తాగుమంటలేనమ్మా, పాయిఖానల పొయ్యమంటున్న. గాడ గూడ నీకు గంగాజలమే గావాల్నా?"

మూడంతస్తుల వారూ పగలబడి నవ్వారు. ఆరు నెలలు తిరగకముందే, చుట్టాలు వస్తే ఎర్ర నల్లా తిప్పి చూపించింది ఆ కనకమహాలక్ష్మియే. ట్యాంకరు మూడు రోజులకు ఒకసారి వచ్చినా చాలింది. బిందెల యుద్ధాలు తగ్గాయి. మెట్టతామరలు నడుమెత్తు పెరిగి ఎర్రగా పూశాయి. ప్రతి నెలా పైపొర ఇసుక గీకి, కడిగి, ఎండబెట్టి తిరిగి పరిచే పనిని సోమమ్మ ఇంకెవరికీ ఇవ్వలేదు. తన బావి తనకు మరొక రూపంలో తిరిగి వచ్చిందని ఆమె బయటికి అనలేదు. కానీ ఆ గుంత పక్కన కూర్చొని అన్నం తినేది.

ఇక్కడే ఆమె ఒక తప్పు చేసింది. అది ఆమె మంచి నియమంలో నుంచే పుట్టిన తప్పు.

రెండో అంతస్తులో నర్సింహులు, శివమ్మ అనే దంపతులు ఉండేవారు. నర్సింహులు ఒక మందుల కంపెనీలో, తయారైన పొడిని ఆరబెట్టే విభాగంలో పని చేసేవాడు. శివమ్మ తన ఇంటి బట్టలు స్నానాల గదిలో ఉతికి, భర్త కంపెనీ అంగీలు మాత్రం కిందికి తెచ్చి, రోడ్డు పక్క బండ మీద ఉతికి, ఆ నీటిని మోరీలో పారబోసేది. చావు జరిగిన ఇంటి బట్టలను గడప లోపల పిండకూడదన్నట్టే, కంపెనీ బట్టలనూ ఇంట్లో పిండకూడదన్నది ఆమెకు అత్త నేర్పిన పద్ధతి. ఆ వీధిలోని పాత ఊళ్ల ఆడవారు చాలామంది అలాగే చేసేవారు. రెండు బకెట్ల నీరు కళ్ల ముందే మోరీపాలు కావడం సోమమ్మ ఓర్వలేకపోయింది.

"కంపెనీ అంగీకి మైలేందే శివమ్మా? గదేమన్న పురుడు పోసుకున్నదా, పీనుగను మోసిందా?"

"మా అత్త చెప్పిందక్కా. ఇంట్లకు తేవద్దన్నది."

"మీ అత్త ట్యాంకర్ నీళ్లు మోసిందా ఎన్నడన్న? ఇగ నుంచి మీదనే ఉతుకు. ఒక్క సుక్క రోడ్డు మీద పడితె నీతోని మాట్లాడ."

అంతటితో ఆగక, ఏడో తరగతి చదివిన నర్సింహులు చేతనే మెట్ల గోడ మీద ఎర్ర జాజుతో రాయించింది: "బట్టల నీళ్లు రోడ్డు మీద పోయరాదు. అన్నీ గుంతలోకే రావలెను." శివమ్మ తలవంచింది. ఆమెను చూసి తక్కినవారూ తలవంచారు.

1997 ఫిబ్రవరిలో గుంతకు ఎడమ వైపున ఉన్న మెట్టతామర ఆకుల అంచులు మాడడం మొదలైంది. సోమమ్మ ఎండ అనుకుంది. మార్చిలో ఎర్ర నల్లా నీటికి పలుచని పసుపు రంగు, చేదు వాసన వచ్చాయి. బొగ్గు పాతబడిందనుకొని మార్చింది. ఏప్రిల్‌లో పాయిఖానాకు వెళ్లివచ్చినవారి పాదాలు దురద పెట్టి, దద్దుర్లు లేచాయి. అప్పుడు భవనమంతా సోమమ్మ మీద పడింది. మోరీ నీళ్లు కలుపుతోందని ఒకరు, గుంత కడగడం మానేసిందని ఒకరు. రెండేళ్లు ఆ నీటితో సుఖపడినవారే ఆమె ముఖం మీద ఆ మాటలు అన్నారు. మే రెండవ తేదీ శుక్రవారం నాడు రాజేశ్వర్ గారు స్వయంగా వచ్చి, నీటిని వాసన చూసి, ముఖం తిప్పుకొన్నారు.

"సోమమ్మా, వాసనొస్తె గండ్లనే పూడ్చమన్నవు. యాదికున్నదా?"

"ఉన్నది సేటు. పూడ్చు. కని ఎందుకొచ్చిందో తెలుసుకోనియ్యి."

"పన్నెండో తారీకు, సోమారం వరకు టైమిస్తున్న. గుంత ఖాళీ చెయ్యి, పూడ్చు, పైపులు మల్ల మోరిల కలుపు. లేకుంటె నువ్వు గూడ వేరే జాగ చూసుకో."

గుంత పోతే మళ్లీ బిందెల యుద్ధం. గది పోతే తనకు రోడ్డు. మరునాడు సోమమ్మకు సున్నం వడకట్టిన రోజులు గుర్తుకు వచ్చాయి. సున్నంలో మట్టి ఉన్నదీ లేనిదీ తెల్లని మల్మల్ గుడ్డ చెబుతుంది. నాలుగు గుడ్డలు చింపి, ఆదివారం తెల్లవారుజామున, అందరూ బట్టలుతికే వేళకు ముందే, నాలుగు గొట్టాల మూతులకూ కట్టింది. సాయంత్రం విప్పి తీగ మీద ఆరవేసింది. మూడు గుడ్డలు సబ్బు మురికితో బూడిద రంగులో ఉన్నాయి. నాలుగవది పసుపు పచ్చగా ఉంది. రెండు చేతులతో లాగితే, నానిన కాగితంలా చినిగిపోయింది.

ఆ గొట్టం మీద మూడు వాటాలు ఉన్నాయి. కింది వాటా ఖాళీగా ఉంది. నడిమి వాటా కనకమహాలక్ష్మిది. ఆమె భర్త లారీల కంపెనీలో గుమాస్తా. సోమమ్మ పై అంతస్తుకు ఎక్కి శివమ్మ తలుపు తట్టింది.

"చేతులు చూపియ్యి."

శివమ్మ చేతులు కొంగులో దాచుకొంది. సోమమ్మ పట్టి లాగింది. గోళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి. వేళ్ల సందులు పగిలి నెత్తురు చెమ్మగా ఉంది. ఇన్నాళ్లూ ఆ రంగును చూసి, పసుపు రాసుకొందని సోమమ్మ అనుకొంది.

"ఎన్ని రోజులాయెనే?"

"సంక్రాంతి ఎనక కొత్త పొడి వచ్చిందట అక్కా. గప్పటి నుంచి. బండ మీద ఉతికినప్పుడు నీళ్లు పారేవి, చేతులు జెర బాగుండె. గీ చిన్న గదిల టబ్బుల నానేసి పిండుతుంటె..."

"మరి నాకు చెప్పకపోతివి?"

"చెప్తె రోడ్డు మీద పోస్తనంటున్ననని తిడతవు గదక్కా."

ఆ మాట సోమమ్మకు చెంపదెబ్బలా తగిలింది. శివమ్మ అత్త ఏ చదువూ లేకుండా పెట్టిన కట్టుబాటును తానే ఎగతాళి చేసి, తానే తెంచి, విషాన్ని తానే ఇంట్లోకి పిలిచింది. ఆ పూట ఆమె కోపమంతా తన మీదికే తిరిగింది. కిందికి దిగి, జాజుతో రాసిన నియమాన్ని తడిగుడ్డతో తుడిచింది. అక్షరాలు పోయినా ఎర్రని మరక మిగిలింది.

పని ముగించుకొని వచ్చి, సంగతి విన్న నర్సింహులు మెట్ల మీదే ఆమె కాళ్లకు అడ్డం పడ్డాడు.

"అక్కా, నీకు దండం పెడ్త. కంపెనీకి పోకు. నా నౌకరి వోతది."

"నీ పేరు నా నోట్లకెళ్లి రాదు. కని ఒకటి చెప్పు. అంగీలు కంపెనీల ఉతకరా?"

"ఉతకరక్కా. సబ్బుబిళ్ల ఇస్తరు నెలకొకటి. ఇంటికాడ ఉతుక్కోమంటరు."

నెలకు ఒక సబ్బుబిళ్ల! తన బావికి సీసా, శివమ్మ చేతులకు సబ్బుబిళ్ల. సోమవారం ఉదయం సోమమ్మ చినిగిన పసుపు గుడ్డను సంచిలో పెట్టుకొని కంపెనీ గేటు దగ్గరకు వెళ్లింది. గేటు లోపల పచ్చిక, గులాబీలు, వాటి మధ్య ఒక బోర్డు: "ఈ తోట శుద్ధి చేసిన నీటితో పెంచబడుచున్నది." కాపలాదారు అంజన్న ఆమె ఊరివాడే. బోర్డు చదివి వినిపించిందీ అతడే. చాలాసేపటి తరువాత సిబ్బంది వ్యవహారాల అధికారి బయటికి వచ్చాడు. గుడ్డను దూరం నుంచే చూశాడు.

"మా కంపెనీ నుంచి ఒక్క చుక్క నీరు బయటికి పోదమ్మా. కావాలంటే కాగితాలు చూపిస్తాం."

"నీళ్లు పోతలేవు సార్. అంగీలు పోతున్నయి. దినాం మీ మందు అంగీలకెక్కి మా ఇండ్లకొస్తున్నది. మేం ఉతుకుతున్నం. మీ తోట మంచిగనే ఉంటది మరి!"

"ఎవరి అంగీ? పేరు చెప్పు. విచారిస్తాం."

"పేర్లు నీ దగ్గర్నే ఉన్నయి. అందరికీ గదే అంగీ, గదే సబ్బుబిళ్ల."

"ఏదైనా ఉంటే రాతపూర్వకంగా ఇవ్వు" అని చెప్పి అతడు వెనుదిరిగాడు. సోమమ్మ కనకమహాలక్ష్మి చేత రాయించి, రాతపూర్వకంగానే ఇచ్చింది. మంగళవారం ఇచ్చిన దరఖాస్తుకు గురువారం జవాబు వచ్చింది. అందులో ఇలా ఉంది: "తాము పేర్కొన్న విషయము మా పరిధిలోనిది కానందున, తగు చర్య తీసుకొనుటకు వీలు పడదని తెలియజేయడమైనది." కనకమహాలక్ష్మి దానిని రెండుసార్లు చదివి వినిపించింది. "పరిధి కాదటండీ! మా ఆయన కాళ్ల మీద దద్దుర్లు ఎవడి పరిధి?"

శుక్రవారం నాడు సోమమ్మ పార పట్టింది. సేటు ఖాళీ చేయమన్నారు. ఖాళీ చేయక తప్పదు. పైపొర తీస్తే అడుగున ఇసుక పసుపు ముద్దలా ఉంది. చేతులకు పాలిథిన్ సంచులు తొడుక్కొని తవ్వింది. శివమ్మ సాయానికి వస్తే తరిమివేసింది. సాయంత్రానికి గుంత పక్కన కుప్ప పడింది. దానిని ఎక్కడ పోయాలి? పంచాయతీ చెత్తబండి వాడు ముక్కు మూసుకొని వెళ్లిపోయాడు. పక్క పొలం కౌలుదారు కర్ర పట్టుకొని నిలబడ్డాడు. మోరీలో పోస్తే వానకు వాగులోకి, వాగు నుంచి ఇంకెవరి బావికో. సోమమ్మ ఆ దారి ఎరిగిన మనిషి.

శనివారం మధ్యాహ్నం, మొదటి షిఫ్టు దిగి రెండవ షిఫ్టు ఎక్కే వేళకు, రిక్షా బండి ఒకటి కంపెనీ గేటు ముందు ఆగింది. సోమమ్మ తట్ట తరువాత తట్టగా పసుపు ఇసుకను లారీలు వెళ్లే దారి నడుమ పోసింది. అంజన్న పరుగెత్తి వచ్చాడు.

"సోమక్కా, ఏందిది? నన్ను బతకనియ్యవా?"

"మా సేటు గుంత ఖాళీ చెయ్యమన్నడు. చేసిన. ఎవరి సొమ్ము వాళ్ల ఇంట్ల ఏస్తున్న. నీ మీద కోపం లేదు తమ్మీ, పక్కకు జరుగు."

అధికారి వచ్చేసరికి గేటుకు అటు వందమంది, ఇటు వందమంది నిలబడి ఉన్నారు. లోపల రెండు లారీలు హారన్లు కొడుతున్నాయి.

"అంజన్నా, ఎత్తి అవతల పారెయ్!"

"సార్, చేతులకు తగిలితె బొబ్బలొస్తయంట. తొడుగులు ఇప్పియ్యుండ్రి."

"తొడుగులెందుకు? ఉత్త ఇసుక అది."

సోమమ్మ తట్ట కింద పెట్టింది. చేతులకున్న పాలిథిన్ సంచులు విప్పి, మడిచి, అధికారి ముందు నిలబడింది.

"ఉత్త ఇసుకనే అంటున్నవు గద సార్. నేను పాయిఖానల కాడ కాపలా ఉండేదాన్ని, నా మాటకేమి విలువ. నువ్వు సదువుకున్నోనివి. ఒక్క పిడికెడు పట్టుకో. పట్టుకుంటె మొత్తం నేనే ఎత్తుకపోత."

అధికారి చేతులు జేబుల దగ్గరకు వెళ్లాయి. అక్కడి నుంచి వీపు వెనక్కు వెళ్లాయి. రెండు వందల మంది ఆ చేతులనే చూస్తున్నారు. లారీ హారను కూడా ఆగింది. అతడు ఇసుకను తాకలేదు. షిఫ్టు దిగినవారిలో నుంచి నర్సింహులు ముందుకు వచ్చి, పొడి అంటి పసుపెక్కిన అంగీ విప్పి, ఆ కుప్ప మీద వేశాడు. అతని తరువాత ఇంకొకడు విప్పాడు. ఆపై ఎవరు విప్పారో ఎవరు విప్పలేదో చెప్పడం కష్టం.

ఆదివారం నాడు రబ్బరు తొడుగులు వేసుకొన్న మనుషులు ఆ ఇసుకను పీపాలలో నింపి లోపలికి తీసుకుపోయారు. ఆ విషయమై కంపెనీ ఒక్క కాగితమూ ఇవ్వలేదు. క్షమాపణ మాట ఎవరూ ఎత్తలేదు. నెల తిరిగేలోగా మాత్రం గేటు పక్కన రేకుల కప్పుతో ఒక గది వెలిసింది. నాలుగు నల్లాలు, రెండు బండలు. అంగీలు అక్కడే ఉతికి, అక్కడే ఆరవేసి రావాలని హుకుం. రాజేశ్వర్ గారు సోమవారం నాడు వచ్చి, ఖాళీ గుంత చూసి, సోమమ్మ చూపిన నాలుగు గుడ్డలనూ చూశారు. "మల్ల ఇసుక తెప్పిస్త. కని ఇంకొక్కసారి..." అని మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి ఆ మాట పూర్తి చేయలేదు.

శివమ్మ చేతులు పూర్తిగా మానలేదు. వేళ్ల సందుల మచ్చలు అలాగే ఉండిపోయాయి. సోమమ్మ ఆమెకు రోజూ కొబ్బరినూనె రాసేది. రాస్తున్నంతసేపూ కంపెనీని తిట్టేది.

మగవారికి అంగీలు ఉతకడం నామోషీగా ఉండేది. గదిలో బండ ముందు కూర్చోవడానికి సిగ్గుపడి, కొందరు అంగీని టిఫిను సంచిలో దాచి ఇంటికి తెచ్చేవారు. అందుచేత సోమమ్మ ప్రతి సాయంత్రం మెట్ల మొదట ముక్కాలి పీట వేసుకొని కూర్చొని, వచ్చిన ప్రతివాని సంచీ వాసన చూసేది. శ్రావణమాసంలో ఒకనాడు నర్సింహులే పట్టుబడ్డాడు.

"అక్కా, ఇయ్యాల లైను మస్తున్నది. గా ఒక్క అంగీకి..."

"నడువు."

"మొగోడు బట్టలుతుకుతుంటె ఊరంత నవ్వుతున్నది అక్కా."

"నవ్వనియ్యి. నా బాయి వోయినప్పుడు గూడ నవ్విండ్రు. వెనకకు మర్లు!"

పై అంతస్తు పిట్టగోడ మీదికి వంగి శివమ్మ నవ్వు దాచుకొంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకొంది. నర్సింహులు గొణుక్కుంటూ, సంచి చంకన పెట్టుకొని, వచ్చిన దారినే కంపెనీ వైపు నడిచాడు. అతడు మలుపు తిరిగేదాకా చూసి, సోమమ్మ లేచి వెనుకకు వెళ్లింది. నాలుగవ గొట్టం మూతికి కట్టిన తెల్ల గుడ్డను విప్పి, వెలుతురుకు ఎత్తి పట్టి, రెండు చేతులతో గట్టిగా లాగి చూసింది.